అమ్మానాన్నలకు ఏటి ఒడ్డున ఉన్న పాత ఇంగ్లిష్ ఊరు చూపించాలంటే: లడ్లో, అదీ సంత రోజున

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నారు. సెప్టెంబర్‌లో కడప నుంచి అమ్మానాన్నలు మూడు వారాలకి వస్తున్నారు. లండన్ ఎలాగూ చూపిస్తారు. అది కాక, ఏటి ఒడ్డున ఉండే పాత ఊరు, పల్లెటూళ్ళ మధ్య సంత జరిగే ఊరు ఒకటి చూపించాలని ఉంది. కారు లేదు. నాన్నగారు రిటైర్డ్ సోషల్ టీచర్, మోకాళ్ళ నొప్పి. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ఒక్క రోజులో అలాంటి ఊళ్ళు రెండు మూడు చుట్టేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. రెండు మూడు వద్దు. ఒక్క ఊరు చూడండి, అది వేల్స్ సరిహద్దు దగ్గర ష్రాప్‌షైర్ కౌంటీలో ఉన్న లడ్లో. శుక్రవారమో శనివారమో, సంత ఉన్న రోజున, పదిన్నర కల్లా అక్కడ దిగేలా వెళ్ళండి. పొద్దున సంత, తర్వాత చర్చి, కోట, చివరికి ఏరు. సాయంత్రం రైలుకి హాయిగా తిరిగి రావచ్చు.

నేను ష్రాప్‌షైర్‌లో ఉండబట్టి పదహారేళ్ళు దాటింది. మా అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ, స్నేహితుల ఇళ్ళకి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళనీ కలిపి ఇరవైసార్లకి పైగా లడ్లో తీసుకెళ్ళాను. ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ మోకాళ్ళు పట్టేస్తాయో, ఏ కథ చెప్తే కళ్ళు వెలుగుతాయో ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు "ఒక్క ఊరే" అని ఎందుకంటున్నానో చెప్పాలి. మావాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు కారు అద్దెకి తీసుకుని ఒకే రోజు మూడు ఊళ్ళు పెట్టుకున్నాను. మూడోది లడ్లో. చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. సంతలో బల్లలు మడతపెట్టి వ్యాన్లలోకి ఎక్కించేస్తున్నారు, కోటలోకి ఇంక పంపడం లేదు. అమ్మ కారు దిగలేదు. ఇంటికొచ్చాక ఏం నచ్చిందమ్మా అని అడిగితే "కార్లోంచి గొర్రెలు బాగా కనపడ్డాయి బాబూ" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మరుసటి వారమే మళ్ళీ తీసుకెళ్ళాను. ఆ రోజంతా లడ్లోలోనే ఉన్నాం.

ఇక ఆ ఊరే ఎందుకు? ఏటి ఒడ్డు ఊళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. అందంగా ఉన్నవీ చాలానే. కానీ కొన్ని చోట్ల సంత పేరుకే మిగిలింది, కోట పోయింది, ఏటి ఒడ్డంతా కార్ పార్కే. లడ్లోలో సంత, కోట, పెద్ద చర్చి, ఏరు, నాలుగూ పది పదిహేను నిమిషాల నడకలో ఉన్నాయి. రైల్వే స్టేషన్ కూడా ఊళ్ళోనే ఉంది. పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఊళ్ళో చట్టం రక్షణలో ఉన్న పాత కట్టడాలు సుమారు 500. వాటిలో జనం కాపురాలున్నారు, కొట్లు నడుపుతున్నారు. మ్యూజియంలా కాకుండా బతుకుతున్న ఊరు.

సంత గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ ఊరికి మూలం అదే.

"మార్కెట్ టౌన్" అంటే సంత జరుపుకునే హక్కున్న ఊరు. పాత రోజుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు సంత పెట్టుకోవడానికి వీల్లేదు. 13వ శతాబ్దపు న్యాయగ్రంథంలో ఒక లెక్క ఉంది. ఉన్న సంతకి ఆరున్నర మైళ్ళకి కాస్త పైచిలుకు దూరం లోపు, కచ్చితంగా చెప్పాలంటే 20 మైళ్ళలో మూడో వంతు దూరం లోపు, ఇంకో సంత పెడితే పాత సంతకి నష్టం కింద లెక్క. మనిషి ఒక రోజులో 20 మైళ్ళు నడుస్తాడనుకుని, ఆ రోజుని మూడు భాగాలు చేశారు. ఒక భాగం సంతకి నడవడానికి, ఒకటి అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ, ఇంకొకటి చీకటి పడకముందే ఇల్లు చేరడానికి. 20ని మూడుతో భాగిస్తే వచ్చే దూరం మన లెక్కలో సుమారు పదకొండు కిలోమీటర్లు. మాది శ్రీకాకుళం వైపు, వారపు సంతలు చూస్తూ పెరిగినవాళ్ళం. ఇది వినగానే మా నాన్నగారు అక్కడే బెంచీ మీద కూర్చుని మా ఊరి సంతకీ పక్క సంతకీ మధ్య దూరాలు వేళ్ళ మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. మీ నాన్నగారికి కూడా ఈ లెక్క చెప్పి చూడండి.

లడ్లో సంత జరిగేది కోట ఎదురుగా ఉన్న కాసిల్ స్క్వేర్‌లో. సోమ, బుధ, శుక్ర, శని వారాల్లో ఉంటుంది. శుక్ర, శనివారాలు నిండుగా ఉంటాయి. ఆదివారాల్లో కొన్నిసార్లు పాత సామాన్ల సంత పెడతారు గానీ రైళ్ళు తక్కువ, మీకు వద్దు.

ఆ స్క్వేర్‌లో నిలబడి తూర్పు వైపు చూస్తే వీధి ఒక్కసారిగా సన్నబడి సందులుగా చీలిపోతుంది. ఒకప్పుడు కోట గుమ్మం నుంచి అటు చివర దాకా అంతా ఒకటే వెడల్పాటి సంత మైదానం. సంతలో బల్లలు వేసుకున్నవాళ్ళు క్రమంగా వాటిని కదపడం మానేశారు. బల్ల మీద కప్పు వచ్చింది, కప్పు కింద గోడ వచ్చింది, గోడ మీద మేడ వచ్చింది. ఇప్పుడు మనం కొట్ల వరస అనుకునేది అప్పటి సంత బల్లల వరసే. మన ఊళ్ళల్లో రోడ్డు పక్క తోపుడు బండి పాక అయి, పాక పక్కా కొట్టయిన తీరు చూసినవాళ్ళకి ఇది చెప్పగానే తెలిసిపోతుంది.

సంతలో ఏముంటాయి? రొట్టెలు, చీజ్, కూరగాయలు, పూల నారు, తేనె, పాత ఇత్తడి సామాను, చేత్తో చేసిన నగలు. మీరు సెప్టెంబర్‌లో వెళ్తున్నారు కాబట్టి రెండు మాత్రం వెతికి కొనండి. ఒకటి బ్రామ్లీ. ఇది వంట ఆపిల్, పిడికిలి కన్నా పెద్దది, ఆకుపచ్చగా ఉంటుంది. కొరికితే పళ్ళు పులిసిపోతాయి. మా అమ్మ దాన్ని తురిమి, ఆవ పెట్టి పులిహోర కలిపింది. మామిడికాయ పులిహోర కాదని మా పిల్లలు గుర్తుపట్టలేదు. రెండోది డామ్సన్. రేగుపండంత ఉంటుంది, నలుపు కలిసిన నీలం, పైన బూడిద అద్దినట్టు ఉంటుంది. ష్రాప్‌షైర్‌లో పాత కాలం నుంచీ ఉన్న పండు. పులుపుతో పాటు వగరు. ఇక్కడివాళ్ళు జామ్ చేస్తారు. మా అమ్మ గింజలు తీసేసి, ఉప్పు కారం మెంతిపిండి వేసి, ఇంగువ పోపు పెట్టి పచ్చడి చేసింది. ఆ సీసా ఆరు వారాలు వచ్చింది.

అమ్మగారిని కూరగాయల బల్ల దగ్గర కాసేపు నిలబడనివ్వండి. పళ్ళు తూచి కాగితం సంచిలో పోస్తారు. తర్వాత సంచి పై అంచు రెండు కొసలూ పట్టుకుని గాల్లో గిర్రున ఒక్క తిప్పు తిప్పుతారు. రెండు కొసలూ పిలకల్లా మెలితిరిగి సంచి మూసుకుపోతుంది. దారం లేదు, ప్లాస్టిక్ లేదు. మా అత్తగారు అది మళ్ళీ చూడాలని ఇంకో అరకిలో టమాటాలు కొన్నారు. బేరం ఆడే అలవాటు ఇక్కడ లేదు, పళ్ళు నొక్కి ఏరుకోవడం కూడా చాలామందికి నచ్చదు. "మేం ఏరుకోవచ్చా" అని ముందు అడిగితే నవ్వుతూ సరేనంటారు. ఈ సంగతి అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, అక్కడ ఇబ్బంది పడకుండా.

సంత అయ్యాక ఓ రెండు నిమిషాల దూరంలో సెయింట్ లారెన్స్ చర్చి. గోపురం ఎత్తు 135 అడుగులు. పైకి రెండొందల దాకా మెట్లున్నాయి, నాన్నగారికి వద్దు. కానీ లోపల, వెనక భాగంలో గాయకబృందం కూర్చునే చెక్క ఆసనాలు ఉన్నాయి, అవి తప్పకుండా చూపించండి. గంటల తరబడి నిలబడి ప్రార్థన చేసే పూజారులు కాస్త ఆనుకోవడానికి, మడత పీట అడుగున చిన్న అంచు లాంటిది ఉంటుంది. ఆ అంచు కింద బొమ్మలు చెక్కారు. లడ్లోలో అవి 28. చాలావరకు 15వ శతాబ్దానివి. దేవుడి బొమ్మలు తక్కువ, ఊరి మనుషుల బొమ్మలు ఎక్కువ. ఒక దాంట్లో బిషప్ వేషం వేసుకున్న నక్క బాతులకి ప్రవచనం చెప్తుంటుంది.

ఇంకో బొమ్మ ముందు మాత్రం నేను ప్రతిసారీ ఆగిపోతాను. కల్లు అమ్మే ఆమె, కొలతలో మోసం చేసిన మనిషి. దయ్యం ఆమెను తలకిందులుగా భుజాన వేసుకుని నరకం నోట్లోకి మోసుకుపోతుంటుంది. ఆమె చేతిలో ఆ దొంగ కొలత కూజా ఇంకా అలాగే ఉంది. పక్కన ఇంకో దయ్యం ఆమె పాపాల చిట్టా చదువుతుంటుంది. సంత మీద బతికే ఊరికి అన్నిటికన్నా పెద్ద పాపం ఏది? తూకంలో మోసం. ఆ సంగతి పూజారి కూర్చునే పీట కిందే చెక్కి పెట్టుకున్నారు. ఇప్పుడే సంతలోంచి వచ్చిన కళ్ళతో ఆ బొమ్మ చూస్తే ఆరొందల ఏళ్ళ దూరం అనిపించదు. చర్చిని సంత తర్వాత పెట్టుకోమనడానికి కారణం అదే.

ఇక కోట. టికెట్ ఉంటుంది. 11వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లు వేల్స్ సరిహద్దు కాపలాకి మొదలుపెట్టారు. లోపల గడ్డి మైదానం, బెంచీలు ఉన్నాయి. బురుజులు ఎక్కకపోయినా నష్టం లేదు. లోపలి ప్రాకారంలో గుండ్రంగా కట్టిన చిన్న ప్రార్థనామందిరం ఉంది, 12వ శతాబ్దానిది. ఇంగ్లండ్‌లో గుండ్రటి చర్చిలు చాలా అరుదు, దాని గుమ్మం కమాను దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడండి.

సోషల్ చెప్పిన మాస్టారు కాబట్టి ఈ రెండు కథలూ దగ్గర పెట్టుకోండి. 1483లో ఐదో ఎడ్వర్డ్ పన్నెండేళ్ళ పిల్లాడు, ఈ కోటలో పెరుగుతున్నాడు. రాజైన తండ్రి చనిపోయాడని కబురొస్తే ఇక్కణ్ణించి లండన్ బయల్దేరాడు. పట్టాభిషేకం జరగలేదు. లండన్ టవర్‌లో పెట్టారు. ఆ తర్వాత అతన్నీ తమ్ముణ్ణీ చూసినవాళ్ళు లేరు. రెండోది, ఏడో హెన్రీ పెద్దకొడుకు ఆర్థర్. స్పెయిన్ రాజకుమారి క్యాథరీన్‌ని పెళ్ళి చేసుకుని కొత్త కాపురానికి ఇక్కడికే వచ్చాడు. పెళ్ళయి ఆరు నెలలు తిరక్కుండా 1502 ఏప్రిల్ 2న ఈ కోటలోనే చనిపోయాడు, పదిహేనేళ్ళ వయసులో. ఆ అమ్మాయినే తర్వాత తమ్ముడు ఎనిమిదో హెన్రీ పెళ్ళాడాడు. ఆ పెళ్ళి రద్దు చేయమంటే పోప్ కాదన్నాడు. ఇంగ్లండ్ చర్చి రోమ్ నుంచి విడిపోయింది. ఆ కుర్రాడు బతికి ఉంటే అని ఆ గోడల మధ్య నిలబడి ఎవరైనా అనుకోకుండా ఉండలేరు.

కడపవాళ్ళకి ఈ కోటతో ఇంకో లంకె ఉంది, ఇక్కడి బోర్డుల మీద మీకు అది దొరకదు. కోట ఇప్పటికీ పోవిస్ ప్రభువుల ఎస్టేట్ చేతిలోనే ఉంది. 1811లో దీన్ని సర్కారు నుంచి 1,560 పౌండ్లకి కొన్న పోవిస్ ప్రభువు ఎవరో కాదు, రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. ఇరవై ఏళ్ళు లడ్లో తరఫున పార్లమెంటులో కూర్చుని, 1798లో మద్రాసు గవర్నర్‌గా వెళ్ళాడు. 1803 దాకా అక్కడే ఉన్నాడు. 1800లో నిజాం కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలు కంపెనీకి వదిలేసినప్పుడు, అంటే దత్త మండలాలు ఏర్పడ్డప్పుడు, మద్రాసు గద్దె మీద ఉన్నది ఈయనే. మన్రో కలెక్టరుగా వచ్చింది ఆ వెంటనే. మా వైపు ఉత్తర సర్కారులకి 1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఫర్మానా పట్టింది తండ్రి క్లైవ్. మీ జిల్లా, మా జిల్లా కంపెనీ చేతికి వెళ్ళిన రెండు కథలూ ఈ ఒక్క ఇంట్లోనే కలుస్తాయి. మా నాన్నగారికి ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నాన్నగారికి ఇందులో ఆసక్తి ఉంటే ఇంకో రోజు వెల్ష్‌పూల్‌లోని పోవిస్ కాసిల్‌కి తీసుకెళ్ళండి. టిప్పు సుల్తాన్ గుడారం, ఇంకా శ్రీరంగపట్నం నుంచి వచ్చిన వస్తువులు అక్కడున్నాయి.

కోట బయటికొచ్చి కుడి చేతి వైపు డైనమ్ అనే వీధిలో దిగితే టీమ్ నది. వేల్స్ కొండల్లో పుట్టి, లడ్లో కొండకి దక్షిణంగా మలుపు తిరిగి, వూస్టర్ దగ్గర సెవెర్న్‌లో కలుస్తుంది. మన పెన్నతో పోలిస్తే పిల్ల కాలువ లాంటిది, కానీ ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. మామూలు రోజుల్లో పలచని డికాషన్ రంగులో, అడుగున గులకరాళ్ళు కనపడేలా పారుతుంది. వంతెన పక్కన చిన్న ఆనకట్ట. ఉన్ని బట్టని తొక్కి గట్టిపరిచే మరలూ పిండి మరలూ ఒకప్పుడు ఇలాంటి ఆనకట్టల నీళ్ళ మీదే తిరిగేవి. ఊరికి డబ్బు తెచ్చిపెట్టింది ఉన్ని. శరత్కాలం బాగా ముదిరాక సాల్మన్ చేపలు ఈ ఆనకట్ట ఎక్కడానికి ఎగురుతాయి. మీరు వెళ్ళే సెప్టెంబర్‌కి అది కొంచెం తొందర.

ఆనకట్ట పక్కనే ఉన్న పచ్చిక మీదే భోజనం పెట్టుకోండి. అమ్మగారి సమస్యకి నా దగ్గరున్న జవాబు ఇదే. ఇంటి నుంచి పులిహోరో, చపాతీలూ వేపుడో, పెరుగన్నమో డబ్బాలో తీసుకెళ్ళండి. కింద వేసుకోవడానికి దళసరి దుప్పటి ఒకటి ఉంచుకోండి, గడ్డి తడిగా ఉంటుంది. బయట టీ, కాఫీ, వేయించిన ఆలూ చిప్స్ దొరుకుతాయి. గుడ్డు కూడా తినని వాళ్ళకి కెఫేల్లో ఇబ్బంది ఎక్కడంటే, చాలా కేకుల్లో గుడ్డు ఉంటుంది, స్కోన్లు అనే చిన్న బన్నుల మీద మెరుపు కోసం గుడ్డు పూస్తారు. సూప్ కూరగాయలదే అయినా మరిగించిన నీరు మాంసానిది కావచ్చు. కొన్ని చీజ్‌లు దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొట్టి చేస్తారు. "వీగన్" అని రాసి ఉన్నది అడిగితే ఈ టెన్షన్ ఉండదు. జాకెట్ పొటాటో, అంటే తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప, మీద బీన్స్ వేసి ఇమ్మంటే ఎక్కడైనా ఇస్తారు. ఈ ప్రాంతం వంటకం అని ఫిడ్జెట్ పై ఎవరైనా చూపిస్తే అందులో పంది మాంసం ఉంటుందని గుర్తుంచుకోండి, ఆపిల్ ముక్కలు చూసి పొరబడకండి.

ఇప్పుడు మోకాళ్ళ సంగతి. స్టేషన్ నుంచి కార్వ్ స్ట్రీట్ మీదుగా సంతకి పది పన్నెండు నిమిషాల నడక, కొంచెం ఎత్తు. నిదానంగా నడిస్తే ఫర్వాలేదు. దారిలోనే ఫెదర్స్ హోటల్ వస్తుంది, నల్ల కలప మీద తెల్ల గచ్చు, ముఖం నిండా చెక్కడాలు. 1619 నాటిది, ఒక వకీలు కట్టించుకున్న ఇల్లు. వేల్స్‌నీ సరిహద్దు జిల్లాలనీ పాలించే మండలి లడ్లో కోటలో కూర్చునేది, కోర్టు కేసులూ ఇక్కడికే వచ్చేవి. అందుకే ఇంత చిన్న ఊళ్ళో అంత డబ్బున్న వకీళ్ళు. 1689లో మండలి రద్దయ్యాక కోట పాడుబడింది గానీ వాళ్ళ ఇళ్ళు మిగిలాయి.

సంత, చర్చి, కోట అన్నీ పైనే, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇబ్బందంతా ఏటికి దిగే దారిలోనే. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధపెడుతుంది. మనం తిరుగు ప్రయాణం ఎక్కుడు గురించే ఆలోచిస్తాం, అది పొరపాటు. డైనమ్ వీధి బాగా వాలుగా ఉంటుంది. కోట దగ్గర నుంచి వంతెన దాకా టాక్సీ తీసుకోండి, పైకి కూడా టాక్సీలోనే రండి. ముందు రోజే ఫోన్ చేసి, రెండు ట్రిప్పులూ టైమ్ చెప్పి మాట్లాడుకోండి. ఒక శనివారం మధ్యాహ్నం అప్పటికప్పుడు పిలిస్తే వస్తున్నామన్న బండి రాలేదు, మా మామగారితో యాభై నిమిషాలు ఏటి గట్టు మీద కూర్చున్నాను. ఎండ ఉంది కాబట్టి సరిపోయింది, వాన పడి ఉంటే కష్టమయ్యేది.

మీకు ఓపిక ఉంటే, వాళ్ళిద్దరూ పచ్చిక మీద కూర్చున్న అరగంటలో మీరు వంతెన దాటి అవతలి గట్టున బ్రెడ్ వాక్ మీద నడిచి రండి. ఏటి వెంట కొండ చరియని ఆనుకుని లడ్‌ఫర్డ్ వంతెన దాకా వెళ్ళే కాలిబాట. వేసిన కూలీలకి డబ్బులిస్తే తాగేస్తారని రొట్టెల్లో కూలి ఇచ్చారట, అందుకే ఆ పేరని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎగుడుదిగుడుగా ఉంటుంది, నాన్నగారికి వద్దు. దానిపైన విట్‌క్లిఫ్ అనే ఊరుమ్మడి కొండ ఉంది. అక్కణ్ణించి వెనక్కి తిరిగి చూస్తే కోట, చర్చి గోపురం, వాటి వెనక క్లీ కొండలు ఒకే చూపులో ఇముడుతాయి. ఒక ఫోటో తీసి వాళ్ళకి చూపించండి.

ఊళ్ళోంచి ఏటి వైపు దిగే బ్రాడ్ స్ట్రీట్‌ని పై చివర నిలబడి చూస్తే చాలు. ఇటుక ముఖాలన్నీ 18వ శతాబ్దపు ఫ్యాషన్, చాలా వాటి వెనక పాత కలప ఇళ్ళే ఉన్నాయి. కింద చివర బ్రాడ్ గేట్ కనపడుతుంది. ఊరి ప్రాకారానికి ఏడు ద్వారాలుండేవి, మిగిలింది ఇదొక్కటే. దాని నెత్తి మీద ఇల్లు కట్టుకుని ఉంటున్నారు.

రైలు విషయం. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి ష్రూస్‌బరీ గంట, అక్కడ మారితే లడ్లో అరగంట. మారడానికి కనీసం పావుగంట ఉండేలా చూసుకోండి. 60 దాటిన ఎవరైనా సీనియర్ రైల్‌కార్డ్ కొనుక్కోవచ్చు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు కూడా, వయసుకి పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. మూడు వారాల్లో లండన్ ప్రయాణం కూడా ఉంది కాబట్టి కార్డు ఖర్చు వచ్చేస్తుంది. ముగ్గురు నుంచి తొమ్మిది మంది కలిసి వెళ్తే కొన్ని రైలు కంపెనీలు గ్రూప్ తగ్గింపు ఇస్తాయి, అది కూడా పోల్చి చూసుకోండి. నాన్నగారికి ఎక్కి దిగడానికి సాయం కావాలంటే ప్రయాణానికి రెండు గంటల ముందు దాకా ఉచితంగా బుక్ చేసుకోవచ్చు. మొహమాటపడకండి, స్టాఫ్ ర్యాంప్ తెచ్చి పెట్టి ఎక్కిస్తారు.

రెండు జాగ్రత్తలు. సెప్టెంబర్‌లో ఒక వారాంతం లడ్లో ఫుడ్ ఫెస్టివల్ ఉంటుంది, 1995 నుంచి జరుగుతోంది, కోట లోపలే. అది మనలాంటి వయసువాళ్ళకి బాగుంటుంది. కానీ ఆ మూడు రోజులూ కోట ప్రశాంతంగా చూడటం కుదరదు, కూర్చోవడానికి చోటు దొరకదు. పెద్దవాళ్ళతో అయితే ఆ వారం వదిలేయండి. రెండోది ఏరు. వేల్స్ కొండల్లో గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా టీమ్ పొంగుతుంది. 2007 జూన్ వరదల్లో ఇదే ఊళ్ళో, దీని ఉపనది కార్వ్ మీద వంతెన కొట్టుకుపోయింది. బయల్దేరే ముందు రోజు ప్రభుత్వ వరద హెచ్చరికల పేజీలో టీమ్ పేరు కొట్టి చూడండి. హెచ్చరిక ఉంటే పచ్చిక మీదికి దిగకండి, కోట లోపలి మైదానంలో డబ్బా విప్పుకోండి.

నాన్నగారు అసలు నడవలేని పరిస్థితి అయితే లడ్లో బలవంతం చేయకండి. అప్పుడు బ్యూడ్లీ మంచిది. కిడ్డర్‌మిన్‌స్టర్ దాకా మామూలు రైలు, అక్కణ్ణించి ఆవిరి ఇంజన్ బండి. అది రోజూ నడవదు, తేదీలు చూసుకోవాలి. సెవెర్న్ గట్టు చదునుగా ఉంటుంది, థామస్ టెల్ఫర్డ్ 1798లో కట్టిన వంతెన ఎదురుగా బెంచీల మీద కూర్చోవచ్చు. కోట లేదు, లడ్లో లాంటి సంత లేదు. కానీ మోకాళ్ళకి శ్రమ ఉండదు, ఆవిరి బండి చూస్తే పాత మీటర్ గేజ్ రోజులు గుర్తొస్తాయి.

మీకు కుదిరితే లడ్లోలో ఒక రాత్రి ఉండండి, శుక్రవారం రాత్రి అయితే మేలు. సాయంత్రం ఐదు దాటాక వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతారు, చర్చి గంటలు, ఆనకట్ట నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మర్నాడు ఎనిమిదింటికల్లా స్క్వేర్‌కి వెళ్తే బల్లలు వేసి, గుడ్డ కప్పులు బిగించి, ఆపిల్ పెట్టెలు దించుతుంటారు. సంత పుట్టడం చూడొచ్చు. గది తీసుకునేటప్పుడు కింది అంతస్తులో కావాలని అడగండి, ఆ పాత ఇళ్ళల్లో మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టులు ఉండవు.

డామ్సన్లు కొన్నాక పచ్చడి కొలతలు కావాలంటే ఇక్కడే అడగండి, అమ్మని ఫోన్లో అడిగి రాస్తాను.